వెనకద్దం అంచున నీలం

మార్చి 2, ఆదివారం

అమ్మ కారు షెడ్డులోంచి బయటికొచ్చింది. నేనూ అక్కా తోశాం. బావ స్టీరింగ్ దగ్గర కూర్చుని ఆజ్ఞలు జారీ చేశాడు. అది ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇప్పుడున్న బూడిదరంగు అమ్మ పోయాక నాన్న చౌకలో వేయించింది. అప్పటి పెయింటరు పాతరంగు రేకు దాకా గీకేశాడు. బానెట్ లోపలా డిక్కీ లోపలా నలుపు పులిమాడు. అమ్మ నడిపినప్పటి రంగు వేయించాలని మా ఇద్దరి కోరిక. ఆ రంగేమిటో చెప్పడానికి నాన్న కూడా లేడు. ఉన్న ఒక్క ఫోటో బ్లాక్ అండ్ వైట్. అక్క ఆకుపచ్చ అంటుంది. నేను నీలం అంటాను. మేం పట్టిన కుందేళ్లకి మూడేసి కాళ్లని బావ విసుక్కున్నాడు.

మార్చి 4

పెయింటరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. అద్దాలకి టేపు వేసి రంగు కొట్టే పని తను చెయ్యనన్నాడు. పాతాయన అలా కొట్టబట్టే రబ్బరు అంచుల వెంట పెచ్చులు లేచాయట. అద్దాలూ రబ్బర్లూ విప్పేసి ఒట్టి బాడీ తెమ్మన్నాడు. పాతాయన అద్దాలు విప్పలేదంటే వాటి రబ్బరు కింద పాతరంగు బతికే ఉండొచ్చని కూడా ఆయనే అన్నాడు. వెనకద్దం మాత్రం జాగ్రత్త, పగిలితే మళ్లీ దొరకదన్నాడు.

ఏం రంగని అడిగితే ఇద్దరం ఒకేసారి చెప్పాం, రెండు రంగులు. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకుని, తేల్చుకున్నాక ఫోన్ చెయ్యమన్నాడు.

మార్చి 5

కలలో వెనకద్దం పగిలింది. రెండుసార్లు.

మార్చి 8, శనివారం

ముందద్దం. రబ్బరు ఎండి కట్టెలా ఉంది. పాతదే అయినా పాడవకుండా తీద్దామని నూనె రాసి, మొండి స్క్రూడ్రైవరుతో పొద్దున్నంతా బతిమాలాను. అక్క చూసి చూసి, కొత్త రబ్బరు కొని పెట్టుకుని పాతదానికి ఈ సేవలెందుకురా అంది. బ్లేడు తీసుకుని అద్దం మీదికొచ్చే రబ్బరు అంచు చుట్టూ గబగబా కోసేసింది. ఇన్నేళ్లు టైలరింగ్ షాపు నడిపిన చెయ్యి. కుట్టు విప్పినట్టే విప్పింది.

అద్దం బుద్ధిగా చేతిలోకొచ్చింది. కింద ఒట్టి తుప్పు. రంగు లేదు.

ఇక మిగిలింది వెనకద్దమే.

మార్చి 9, ఉదయం

అక్క వెనక సీట్లో కూర్చుని లోపల్నించి అరచేతులతో నెట్టింది. నేను బయట పట్టుకున్నాను. అద్దం జారినా పగలకుండా బావ కింద పరుపు పట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఈసారి ఆజ్ఞలు కూడా ఇవ్వలేదు.

పగల్లేదు.

పై అంచు పొడుగునా ఆకుపచ్చ. అక్క గెలిచింది. గెలిచి, గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టింది. వెక్కిరించినా బాగుండేది.

ఒప్పుకుంటున్నాను, ఏడుపొచ్చింది. రంగు కోసం కాదు. అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్లు. అక్కకి పదిహేడు, ఆమె దగ్గర అమ్మ బోలెడంత ఉంది. నా దగ్గరున్నవి నాలుగైదు జ్ఞాపకాలు. అమ్మ నడుపుతోంది, నా కళ్ల ముందు నీలం. అదే తప్పయితే మిగతావాటికి గ్యారంటీ ఏమిటి?

మార్చి 9, సాయంత్రం

కింది అంచు మీద, నీళ్లు దిగకుండా పూసిన పాత సీలెంట్ గడ్డకట్టుకుని ఉంది. దాన్నీ, లోపల అతికించిన రెక్సిన్‌నీ లాగేసి గీకుతుంటే నీలం కనిపించింది. లోపలివైపంతా నీలమే. మందంగా, వంకరటింకరగా, బ్రష్షు చారలతో సహా. ఒక బ్రష్షు వెంట్రుక అందులోనే అంటుకుపోయి ఉంది.

అక్కని కేకేశాను. ఈ చివర్నించి ఆ చివరిదాకా వేలితో తడిమింది. తర్వాత, ఇది మన వంటింటి కిటికీ రంగురా అంది. అప్పుడు గుర్తొచ్చిందట. వెనకద్దం కింద నీళ్లు కారి తుప్పు పడితే, కిటికీలకి వేయగా మిగిలిన రంగు అమ్మే పూసేసిందట. నాన్న నవ్వితే, అక్కడెవరు చూడొచ్చారని దబాయించిందట. అమ్మ పోయాక నాన్న దాని మీద రెక్సిన్ అంటించేశాడు.

నేను చూశాను. వెనక సీటు మీద మోకాళ్లేసి, గడ్డం ఆ అంచుకి ఆనించి, వెనక వచ్చే బళ్లు లెక్కపెట్టేవాణ్ణి. సరిగా కూర్చోమని అమ్మ ముందు నుంచి కేకలేసేది. అక్క ముందు సీటు మనిషి. ఆమెకి కనిపించింది బానెట్.

ఇద్దరం షెడ్డు ముందే కూర్చుండిపోయాం. హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత ఇంత హాయిగా ఉంది.

మార్చి 10

పెయింటరుకి ఆకుపచ్చ అని చెప్పేశాను. ఆ నీలం అంచు అలాగే ఉంచొచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. దాని కింద తుప్పు ఇంకా పాకుతోంది, ఉంచితే కొత్తరంగునీ తినేస్తుందన్నాడు.

నిజమే. ఇంకెవరి చేతా గీకించలేక నేనే గీకాను.

మార్చి 23, ఆదివారం

కారు వచ్చింది. పచ్చగా, కళ్లు చల్లబడేలా ఉంది. బావ ప్రతి తలుపులోనూ మొహం చూసుకున్నాడు.

వెనకద్దం బిగించబోతుంటే అక్క ఆగమంది. సంచిలోంచి చిన్న డబ్బా, బ్రష్షు తీసింది. నీలం. పెయింటర్ని ముందే అడిగిందట. ఇప్పుడు రేకు శుభ్రంగా ఉంది, నా రంగు మీద మీ ఇష్టం, రబ్బరు కిందే కదా అన్నాడట. బ్రష్షు నా చేతికిచ్చింది. నేను వంకరగానే వేశాను. కావాలని కాదు, నాకు వచ్చిందే అంత.

మార్చి 25

రంగు బాగా ఆరింది. కొత్త రబ్బరు అద్దానికి తొడిగి, దాని గాడిలో తాడు దూర్చి, సబ్బునీళ్లు రాశాం. అక్క లోపల్నించి తాడు లాగుతుంటే నేను బయట అరచేత్తో తడుతూ పోయాను. ఆమె లాగడం, నేను తట్టడం కలిస్తేనే రబ్బరు కూర్చుంటుంది. మూల దగ్గర ఒకసారి తిట్టుకున్నాం. కూర్చుంది.

బావ బకెట్టుతో నీళ్లు కొట్టాడు. లోపల చుక్క పడలేదు. నీలం ఎవరికీ కనిపించదు.

ఏప్రిల్ 6

వాన. అక్క నడుపుతోంది, పక్కన బావ. వెనక సీటు మీద మోకాళ్లేసి అద్దంలోంచి చూస్తున్నాను. సరిగా కూర్చోమని ముందు నుంచి కేకేసింది.