నీ రెండు మాటల్లో ఏది నిలుస్తుంది

ఎడ్ల పండుగ పొలాల అమావాస్యనాడు ఎడ్లను బండికి కట్టనన్నందుకే నిన్ను పత్తి మిల్లు నుంచి వెళ్లగొట్టారు బాపూ. "ఏడాదంతా గుంజినయి సేట్, గీ ఒక్కరోజు వాటిది" అన్నావు. పనికి రాలేదని, సంజాయిషీ అయినా అడగకుండా ఆ రోజే తీసేశారు. మళ్ళీ పని దొరకకుండానే కన్నుమూశావు.

అట్లాగే తీసేసిన ఇంకొకతని కేసులో నిన్న ఆదిలాబాద్ కోర్టు మిల్లు రూలును కొట్టేసింది. బయట నిలబడి అతని వకీలును అడిగాను.

"రెండు రూళ్లు వేరుగుంటే విరుద్ధం కాదురా. ఒకటి పాటిస్తే రెండోది తప్పాల్సొస్తేనే విరుద్ధం. సంజాయిషీ అడిగినంకనే తియ్యాలంటది చట్టం, గైర్హాజరైన రోజే తియ్యాలంటది మిల్లు. రెండూ ఎట్ల కుదురుతయి? పెద్దది గనుక చట్టమే నిలుస్తది, మిల్లు రూలు అడ్డమొచ్చినకాడికి పోతది."

నీ తరఫున ఎవరూ కేసు వెయ్యలేదు. కోర్టులో నీ పేరే రాలేదు.

ఈరోజు మళ్ళీ పొలాల అమావాస్య. వాడంతా ఎడ్ల గజ్జెల చప్పుడు. మన కొట్టం ఖాళీ. అవ్వ మట్టితో రెండెడ్లను చేసి బొట్టు పెట్టింది.

కలప అడితి మూసినప్పటి నుంచి నాకు పని లేదు. పొద్దున మిల్లు మేస్త్రీ వచ్చి, "సోమారం నుంచి రారా, మీ బాపు జాగ ఉన్నది" అన్నాడు. అవ్వ నా దిక్కు చూసి, "పో కొడుకా, పొయ్యి వెలగాలె గద" అంది.

పోయేముందు నువ్వు రెండు చెప్పావు. "గా గేటు తొక్కకు." "అవ్వను ఉపాసముంచకు." రెండూ ఒక్కనోటి మాటలే, పెద్దదేదో ఏ వకీలు చెప్తాడు? నువ్వే చెప్పాలి. సోమవారం పొద్దున మిల్లు కూత పెట్టేలోపు నాకు జవాబు కావాలి.