ఒంటికాలి సైకిలు

శంషాబాదు

నాన్నగారి పాదాలకు వీరభద్రం నమస్కారాలు. అమ్మ దగ్గు తగ్గిందా? చెల్లాయి సుభద్ర కులాసాయేనా? నేను ఇక్కడ క్షేమం. అమ్మ నమ్మదు గనక మళ్ళీ రాస్తున్నాను, నిజంగానే క్షేమం, కడుపునిండా తింటున్నాను. వచ్చిన కొత్తలో జొన్నరొట్టె నమలలేక దవడలు పీకేవి. ఇప్పుడు మూడు లాగించేస్తున్నాను. అయినా ఆవకాయ మాట తలుచుకుంటే నోరూరుతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే చిన్న జాడీతో పంపించండి.

చలి మాత్రం చంపేస్తోంది నాన్నగారూ. పొద్దున్నే స్పానరు పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతాయా అనిపిస్తుంది. సాయంత్రాలు దిగులుగా ఉంటుంది. మీరు చెక్క చెక్కే బాడిస చప్పుడు వినపడక ఏడుపు కూడా వచ్చింది, దాచడం ఎందుకు! కానీ తెల్లారి సైకిలు దుకాణం తలుపు తీస్తే ఆ సంగతి మరిచిపోతాను. ఇక్కడ అంతా వింతే.

మా దుకాణం యజమాని రాజన్న. కోతలు పూర్తయి రైతుల చేతిలో డబ్బు ఆడేదాకా గిరాకీ ఉండదు. అందుకని చలికాలమంతా పాత సైకిళ్ళు విప్పి, ఒకదాని చక్రం ఇంకొకదానికి, ఇంకొకదాని హ్యాండిలు మరొకదానికి వేసి కొత్తవిగా కడతాం. యుద్ధం మూలంగా కొత్త సామాను ఎక్కడా దొరకడం లేదు. ఒక్క మేకు కూడా పారెయ్యనివ్వడు రాజన్న.

పోయిన నెల పాల్మాకుల నుంచి నర్సింహన్న అనే పాలవాడు సైకిలు నెట్టుకుంటూ కుంటుతూ వచ్చాడు. బావిలో పడి కుడికాలు విరిగిందట. అతుక్కుంది గానీ మోకాలు వంగదు. అప్పట్నుంచి ఆయన భార్య బాలమణి పాలకుండ నెత్తిన పెట్టుకుని శంషాబాదు బజారుకు నడిచొచ్చి ఇళ్ళకు పోస్తోంది. ఆమెకిప్పుడు ఏడో నెల. ఇక బరువు ఎత్తితే బిడ్డ దక్కదని మంత్రసాని చెప్పేసింది. పాలు మానేస్తే ఆ ఇళ్ళు చెయ్యి జారిపోతాయి, వాళ్ళ బతుకుతెరువే అది.

"ఒక్క కాలుతోని తొక్కేటట్టు జెయ్యరాదే రాజన్నా," అన్నాడు.

రాజన్న గడ్డం గీరుకున్నాడు. ఒంటికాలితో పెడలు కిందికి తొక్కితే తొక్కవచ్చు, దాన్ని మళ్ళీ పైకి తెచ్చేదెవరు? ఇప్పటి సైకిళ్ళలో కాలు ఆపితే పెడలూ ఆగిపోతుంది, చక్రం దాని దారిన అది తిరుగుతుంది. వెనకటి కాలపు సైకిళ్ళు అలా కాదట. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరగాల్సిందే. అందరూ అది ప్రాణసంకటమని తీయించేసుకున్నారు. రాజన్న తుక్కులో వెతికి, చక్రం నడుమ బిగించే అలాంటి పాత హబ్బు ఒకటి పైకి తీశాడు. చక్రమే కాలును పైకి లేపుతుందన్నమాట! నాకైతే ఒళ్ళు పులకరించింది.

ఆ హబ్బును నర్సింహన్న రిమ్ములో కూర్చే పని నాకిచ్చి రాజన్న పెళ్ళికి పోయాడు. స్పోకులన్నీ వేశాను. చక్రం కొంచెం ఎడమకు ఒరిగింది. ఇంతేగదా, బండి చక్రాలు చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తెలియనిదా అనుకున్నాను. మన బండి చక్రంలో స్పోకులాంటి చెక్క ఆకును బిగిస్తే అది అంచు పట్టెను అవతలికి నెడుతుంది కదా! ఎడమ స్పోకులు బిగించాను. ఇంకా ఒరిగింది. ఇంకా బిగించాను. చివరికి టంగుమని మొత్తం మెలిపడిపోయింది.

రాజన్న తిరిగొచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏందిర ఇది? రిమ్మా, అప్పడమా?"

నేననుకున్నది చెప్పాను. ఆయన జేబులోంచి దారం తీసి నా చేతికిచ్చాడు. "దీనితోని నన్ను నెట్టు."

"దారంతో ఎలా నెడతాను?"

"మరి గదే! బండిల ఆకు కింద నిలబడి మోస్తది. గీ పుల్ల మీదికెళ్ళి గుంజి పట్టుకుంటది. ఇది గుంజుడే, నెట్టుడు లేదు."

చూశారా నాన్నగారూ! ఇరుసు కింది స్పోకుల మీద నిలబడదు, పైవాటికి వేలాడుతుంది. ఇన్నేళ్ళుగా సైకిళ్ళు చూస్తూ ఒక్కనాడూ ఈ ఆలోచన రాలేదు. మీకు తెలుసా ఈ సంగతి? తప్పకుండా రాయండి.

కానీ అప్పుడు ఆ వింత ఎవడిక్కావాలి? వేరే రిమ్ము లేదు. నర్సింహన్న రాగానే, "నేనే పాడుచేశాను," అన్నాను. ఆయన చక్రాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

"నా కాలు ఇరిగినప్పుడు అందరు మంచిగైతదనే అన్నరు తమ్మీ. వంగదని ఎవ్వలు జెప్పలె. నువ్వు ఉన్నదున్నట్టు జెప్పినవ్. ఇగ నువ్వే మంచిగ జెయ్."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. స్పోకులన్నీ వదులు చేసి, రిమ్మును నేలమీద పరిచి, ఉబ్బిన చోటల్లా తొక్కి, చెక్క పెట్టి కొట్టి, నాలుగు రోజులు దానితోనే కాపురం చేశాను. ఈసారి గుంజాల్సిన వైపే గుంజాను. కుడి పెడలు తీసేసి, వంగని కాలు ఆనుకోవడానికి ముందువైపు ఇనుపకమ్మీ బిగించాం. ఎడమ పెడలుకు తోలుపట్టీ కట్టాం.

నిన్న మొదటిసారి పాలడబ్బాలు తగిలించుకుని బయల్దేరాడు. ఎక్కడానికైనా దిగడానికైనా ఏదైనా అరుగు పక్కన ఉండాలి, లేకపోతే పడతాడు. బాలమణి ఇంట్లో ఉండలేక మా దుకాణం ముందుకొచ్చి కూర్చుంది. "జర పైలం అని చెప్పిన, వింటడో లేదో," అని పది సార్లన్నా అని ఉంటుంది. నేను రోడ్డు వైపు చూడలేక తుప్పు గీకుతూ కూర్చున్నాను.

కాసేపటికి డబ్బాల మోత వినపడింది. నర్సింహన్న! చెమటలు కక్కుతూ, ఒంటికాలు గిర్రున తిరుగుతుంటే, ఆగకుండా మా ముందు నుంచే పోతూ కేకేశాడు.

"అన్ని ఇండ్లకు పోసిన! ఇంటికి పోతున్ననే!"

బాలమణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. తర్వాత ఇంటికి పోదామని లేచి, అలవాటు కొద్దీ కుండను పట్టుకోవడానికి చెయ్యి పైకెత్తింది. చెయ్యి ఉత్త నెత్తికి తగిలింది. అలాగే నిలబడిపోయి, "ఇగ ఉత్తగనే పోవాల్నా తమ్మీ?" అని అడిగింది.

పెద్దలందరికీ నా దండాలు. సుభద్రకు ముద్దులు. మీ దీవెన నా చేతుల మీద ఉండాలి.

మీ కొడుకు
వీరభద్రం