కట్టని కల్వర్టుకు కృతజ్ఞత కూడిక

గజపతినగరం దగ్గర,
నవంబరు 10.

అల్లుడు ఎజ్రాకి మీ మావ బెన్హర్ ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మంగళవారం నుంచి అందరం అంటే ఒక తల ఎక్కువ. ఆడపిల్ల. మా అమ్మాయి దీవెన బాగుంది. పిల్ల ముక్కు మాత్రం నీదే, ఏం చేస్తాం! ఈ కబురు మీ పటాలం ఆఫీసు ఫోనుకి అందే ఉంటుంది. మిగతాది ఫోనులో చెప్పేది కాదు.

అంబులెన్సు ఇంటిదాకా వస్తుందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. వచ్చింది. గెడ్డ వాగు మీద కొత్త కల్వర్టు దాటి వాకిట్లోనే ఆగింది. దాని కథ విను.

పాతది కొట్టుకుపోయి మూడు వానాకాలాలైంది. ఇంజనీరు నారాయణమూర్తి ఏటా వచ్చి, “యుద్ధ ప్రాతిపదికన కట్టేస్తాం” అని టీ తాగి వెళ్లేవాడు. దాంతో మా ఊళ్లో ఆ మాటకి అర్థమే మారిపోయింది. సూరయ్య పెళ్లాం “కూడు సల్లారిపోతంది, లెగండి” అంటే, వాడు మంచం మీద అటు తిరిగి పడుకుని “యుద్ధ ప్రాతిపదికన వస్తన్నానే” అంటాడు.

సెప్టెంబరులో నేనే చర్చిలో కూడిక పెట్టించాను. ‘కల్వర్టు కట్టించిన ఇంజనీరు గారికి కృతజ్ఞతలు, సన్మానం’ అని ఆయన ఫోటోతో కరపత్రాలు వేయించాను. పాస్టరు గారు జడిసిపోయారు.

“బెన్హరూ, కట్టని దానికి కృతజ్ఞతేటి?”

“విశ్వాసం అయ్యగారూ, విశ్వాసం!”

కిందివాళ్లెవరో కట్టేశారనుకున్నాడు కాబోలు, ఇంజనీరు ఇస్త్రీ చొక్కాలో దిగాడు. శాలువా కప్పి, డప్పులతో గెడ్డకి నడిపించాం. మోకాటి లోతు నీళ్లు. మీ అత్త జ్ఞానసుందరి, “జోళ్లిప్పి దాటండి బాబూ, అవతల ఫోటో తీస్తారు” అంది. ఆయన నీళ్లకేసి చూశాడు. పక్కనే దీవెన.

“ఎన్నో నెలమ్మా?”

“ఎనిమిదోది సార్.”

శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగో రోజుకి సిమెంటు గొట్టాలు దిగాయి.

ఇంతవరకూ నవ్వావు కదా, ఇప్పుడు తిట్టు. ఆగస్టులో నువ్వు దారి సంగతి అడిగితే ‘యుద్ధ ప్రాతిపదికన కడుతున్నారు’ అని రాశాను. మా ఊరి అర్థంలో, వేళాకోళానికి. నువ్వు సైన్యంలో ఉన్నవాడివి, నీకు పాత అర్థమే తెలుసు. నమ్మేసి, కాన్పుకని పెట్టుకున్న నీ సెలవు జతగాడికి ఇచ్చేశానని రాశావు. నిజం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. అందరినీ ఆట పట్టిస్తూ బతికినవాడికి, తప్పయిందని రాయడం చేతకాలేదు. ఊరి కోసం కూడిక పెట్టానని అందరూ మెచ్చుకున్నారు. నేను పెట్టింది నా బిడ్డ ఆ గెడ్డలో ఆగిపోతుందన్న భయంతో.

నిన్న దీవెనతో చెప్పేశాను. “ఇదేటి నాన్నా, రెండు నెల్లు కడుపులో ఎట్టుకున్నావ్? నానే నయం, కనీసాను” అంది. గుండె తేలికైంది.

సెలవు దొరికినప్పుడు రా. నా రాత ఇక నమ్మవు కాబట్టి అడుగున దీవెన చేత రాయిస్తున్నాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న మీ మావ
బెన్హర్

కల్వర్టు నిజమేనండి. నాకు నొప్పులొస్తంటే నాన్న అంబులెన్సు ఆపించీసి, దిగి, దాని మీద మూడుసార్లు గెంతి సూసి, అప్పుడు మమ్మల్ని దాటనిచ్చాడు.
దీవెన