ఇద్దరి తొక్కలు

నౌసోరి, బుధవారం

చెల్లీ మాలా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మీ బావ తవ్విన ఎరువు గుంటలో రోజూ కూరగాయల తొక్కలు వేస్తూనే ఉన్నా, ఆయన పోయాక అవి కుళ్లి వేడి పుట్టడం లేదు. నిన్న అగ్రికల్చర్ ఆఫీసు నుంచి ఒకతను వచ్చి, కర్రతో కెలికి, "ఇంట్లో ఎంతమందమ్మా?" అన్నాడు. చెత్త చూడ్డానికొచ్చినవాడికి మనుషుల లెక్కెందుకు! ఒక్కదాన్నే అనడానికి నోరు రాక "ఇద్దరం" అనేశాను. "ఇద్దరి తొక్కలు పడితే ఈపాటికి పొగలు రావాలే" అని తల గోక్కున్నాడు. సోమవారం మళ్లీ వస్తాడట.

నీ మోకాలు తగ్గిందా? గోంగూర విత్తనాలు గుప్పెడు కావాలి. పోస్టులో పంపకు, నువ్వే పట్టుకురా. పిల్లలకి నా దీవెనలు.

శుక్రవారమే బస్సెక్కు. నాలుగు రోజులు నా ఇంట్లో తిని, తొక్కలు గుంటలో వెయ్యి. అతను వచ్చేసరికి నా మాట నిజమవుతుంది.

మీ అక్క,
కాంత