ఎర్ర పట్టీ

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేను, మీ వదిన, అమ్మ క్షేమంగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పాప కులాసా అని తలుస్తాను.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. నొప్పి అలాగే ఉంది. మందు వేసుకోమంటే "నీ పెత్తనం విమానాలమీద చూపించు" అనేది మొన్నటిదాకా. నిన్నటినుంచి ఏమీ అనడం లేదు. కారణం కింద రాస్తాను. పాప ముందుపళ్లు ఊడిన నవ్వు ఫోటో మాత్రం తన అద్దానికి అంటించుకుంది.

మన టవర్ కింద ఆ రెండు రన్‌వేలు అలాగే అడ్డంగా కోసుకుని ఉన్నాయి. ఒకదానిమీద దిగిన విమానం కూడలి దాటేదాకా, లేదా ఇవతలే పక్కకు మళ్లేదాకా, రెండోదానిమీద ఉన్నవాణ్ణి ఎగరమనకూడదు. అది మరిచిపోకుండా, దిగే విమానం నంబరు, టైము రాసి బోర్డుమీద ఎర్ర పట్టీ పెడతాం. నీకు ఇది చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కానీ ఇక్కడినుంచి మొదలుపెట్టకపోతే మిగతాది రాయలేను.

పాపను రోడ్డు దాటించడానికి కూడా పక్కింటావిడను పిలుస్తున్నానని రాశావు. "నా బుర్రను నేనే నమ్మలేకపోతున్నాను అన్నయ్యా. ఆరోజు నిజంగా పట్టీ పెట్టలేదా? పెట్టినట్టే గుర్తు" అన్నావు. ఏడేళ్లలో ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి అమ్మ మోకాళ్ల దగ్గరే ఆగిపోయాను.

పెట్టావమ్మా. తీసింది నేను.

ఆరోజు వాన. అద్దాల్లోంచి కూడలి సరిగా కనబడటం లేదు. నువ్వు పైలట్లతో మాట్లాడుతున్నావు, షిఫ్టు ఇన్‌ఛార్జిగా నేను నీ వెనక నిలబడ్డాను. దిగిన విమానం మొదటి మలుపులోనే పక్కకు వెళతానంది. వెళ్లిపోయిందనుకుని, నీకు సాయం చేస్తున్నాననుకుని, మాటైనా చెప్పకుండా పట్టీ తీసి జేబులో వేసుకున్నాను. నిజానికి ఆ విమానం మలుపు తప్పి కూడలివైపే వస్తోంది. నువ్వు బోర్డు చూశావు. పట్టీ లేదు. రెండోవాణ్ణి ఎగరమన్నావు. పైలట్లిద్దరూ బ్రేకులు తొక్కబట్టి గండం తప్పింది. ఒక టైరు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు, నీకు తప్ప.

విచారణలో "బోర్డుమీద పట్టీ చూశారా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. అప్పటికది మా బీరువాలో ఉంది. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నీ లైసెన్సు పోయింది. పైగా ఇంట్లో తాళాలు కనబడకపోతే "మన మతిమరుపు మహారాణిని అడగండి" అని అందరినీ నవ్వించిందీ నేనే. నువ్వూ నవ్వేదానివి.

నిన్న ఇదంతా కాగితంమీద పెట్టి, పట్టీ ఫోటోతో సహా మా పై అధికారికి ఇచ్చాను. ఆయన చదివి "ఏడేళ్లా?" అన్నాడు. ఇక టవర్ మెట్లు ఎక్కక్కర్లేదు. సాయంత్రం అమ్మకూ చెప్పాను. మాట్లాడటం లేదు. కంచం మాత్రం పెడుతోంది.

క్షమించమని ఏ మొహం పెట్టుకుని అడగను?

అసలు పట్టీ ఈ కవరులో ఉంది. దానిమీద ఆ విమానం నంబరు, టైము, నీ గుండ్రటి చేతిరాత. తనివితీరా చూసుకో. ఆ తరువాత పాప చెయ్యి పట్టుకుని, ఎవరినీ పిలవకుండా రోడ్డు దాటు.

ఇట్లు,
ఇంకా అలా పిలుస్తావో లేదో తెలియని
నీ అన్నయ్య