రెండో మైలు ఎవరు నడవాలి?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ప్రార్థనలు, దీవెనలు. గోదాములో ఉద్యోగం దొరికిందని రాశావు. మీ అత్తయ్యా నేనూ మోకరించి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. ఇక చెవి ఒగ్గి విను. ఒక మైలు నడవమని ఎవడైనా బలవంతపెడితే రెండు మైళ్లు నడవమన్నది వాక్యం. నీ పనిలో అది చేసి చూపించు. అక్కడ యూనియన్ అని ఒకటి ఉంటుంది. దాని గడప తొక్కకు. ఎడారిలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురుస్తుంటే తింటూ కూడా సణిగిన జనం గతి ఏమైందో నీ చిన్నప్పుడే చెప్పాను. నువ్వు నిద్రపోయావు.

వారమంతా గడియారాలు బాగుచేస్తూ, ఆదివారం మనుషుల్ని బాగుచేస్తున్న,
నీ మామయ్య

తా.క.: ఫోన్ చెయ్యకు, ఉత్తరం రాయి. అపొస్తలులు ఫోన్లు చేశారా?

*

ప్రియమైన మామయ్యకు,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే రెండో మైలు నడుస్తున్నాను. నిజంగానే నడక మామయ్యా, అరల మధ్య పొద్దస్తమానం. చేతికి ఒక యంత్రం కట్టారు. ఏ అరలో ఏ వస్తువు తియ్యాలో అదే చెబుతుంది. చకచకా తీస్తే పచ్చలైటు, ఆలస్యమైతే ఎర్రలైటు. గోడ మీది తెరలో అందరికంటే పైన ఇప్పుడు నా నంబరే వెలుగుతోంది.

కానీ భోజనాల గదిలో నేను కూర్చుంటే చాలు, బల్ల ఖాళీ అయిపోతోంది. పెట్టెలు కదిలే బెల్టు దగ్గర ఒకావిడ పనిచేస్తుంది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసిందంటే గోదాము ఈ చివర నుంచి ఆ చివర దాకా తలలు తిరగాల్సిందే. ఈలక్క అంటారు. యూనియన్ కార్యదర్శి ఆవిడే. నిన్న నా పక్కన కూర్చుని, "కాస్త నెమ్మదిగా పోమ్మా. నీ వెనకాల మనుషులున్నారు" అంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

మీ మాట జవదాటని,
మేనకోడలు

తా.క.: మంచినీళ్లకి వెళ్లినా యంత్రం "మీరు ఎక్కడున్నారు?" అని అడుగుతోంది. దేవుడు తోటలో ఆదామును అడిగినట్టు.

*

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. బల్ల ఖాళీ అయిందా? సంతోషించు! యోసేపును గుంటలోకి తోసింది పరాయివాళ్లా? ఒక కంచంలో తిన్న అన్నదమ్ములు! ఆ ఈలక్కది ఒట్టి కడుపుమంట. నెమ్మదిగా పొమ్మనడానికి ఆవిడెవరు? ఇంకా వేగం పెంచు. ఆ తెర మీద నీ నంబరు కిందికి దిగిందో, మన ఇంటి భక్తికున్న సాక్ష్యం దిగినట్టే.

నీ కోసం ఉపవాసముంటున్న,
మామయ్య

తా.క.: యంత్రం మళ్లీ అడిగితే "చిత్తం, ఇక్కడే ఉన్నాను" అను. దేవుడు పిలిస్తే బాల సమూయేలు అలాగే పలికాడు. యంత్రం సిగ్గుపడుతుంది.

*

ప్రియమైన మామయ్యకు,

నమస్కారాలు. యంత్రం సిగ్గుపడలేదు. నేను పడ్డాను.

అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. ఇక్కడ ఒక వారం ఎవరు అందరికంటే వేగంగా చేస్తే, మరుసటి వారం అందరికీ అదే కొలత. నేను నడిచిన రెండో మైలు మిగతావాళ్లందరికీ మొదటి మైలైపోయింది! పక్క వరసలో మోకాలికి పట్టీ వేసుకుని నడిచే అవ్వకి ఇప్పుడు ఎర్రలైటు తప్ప మరో రంగు తెలియదు. నా వెనకాల ఉన్న మనుషులు వాళ్లు మామయ్యా.

చివరికి నా మణికట్టూ వాచింది. చెయ్యి నెమ్మదించింది. మర్నాడు గేటు దగ్గర కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. "మీ సేవలు నిలిపివేయబడ్డాయి" అని ఫోన్‌కి ఓ ముక్క వచ్చింది, అంతే. ఎవర్ని అడగాలి? వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే పాట వినిపిస్తోంది. ఈ నెలలో ఉద్యోగం తిరిగి రాకపోతే గది ఖాళీ చెయ్యాలి.

సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే ఈలక్క, అవ్వ! "నేను మీ యూనియన్‌లో లేను కదక్కా" అన్నాను. "వాచిన చేతిని సభ్యత్వం ఉందా అని అడుగుతామా?" అంది ఈలక్క.

మీ,
మేనకోడలు

తా.క.: అవ్వ నన్ను తిడుతూనే కట్టు కట్టింది. తిట్లు గట్టిగా, కట్టు మెత్తగా.

*

చిరంజీవి మేనకోడలికి,

వల! అది కట్టు కాదు, వల! చేతికి చుట్టి మనసును లాగుతారు. శనివారం బయల్దేరుతున్నాను. గేటు ముందు నిలబడి అటు యజమానిని, ఇటు సణుగుడు గుంపును, ఇద్దర్నీ ఉతికి ఆరేస్తాను.

సింహంలా వస్తున్న,
మామయ్య

తా.క.: ప్రసంగం మూడు భాగాలు. రెండో భాగంలో గొంతు పోతుంది. గోరువెచ్చని నీళ్లు తేవాలి.

*

ప్రియమైన మామయ్యకు,

నమస్కారాలు. అత్తయ్య కూడా చదువుతుంది కాబట్టి మొదట్నుంచీ రాస్తున్నాను.

అత్తయ్యా, ఆయన గేటు దగ్గరికి రాగానే "యజమాని ఎక్కడ?" అని గర్జించారు. కాపలావాడు పైనున్న కెమెరా చూపించాడు. "నీ ముఖం చూపించు!" అని దాని మీద అరిచారు. అది ఎర్రగా మిణుకుమంది. మామయ్య నిర్ఘాంతపోయి, "మోషేకి ఫరో రాజైనా ఎదురుగా కూర్చున్నాడు. వీళ్లకి ఫరో కూడా లేడే!" అన్నారు.

తర్వాత గేటు దగ్గర గుమిగూడిన మా వాళ్లవైపు తిరిగి సణుగుడు మీద అందుకున్నారు. అంతలో అవ్వ మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. మామయ్య నోట ఫరో బానిసల చేత ఇటుకలు చేయించిన కథ వచ్చేసింది. గడ్డి ఇవ్వడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గనివ్వడు... అక్కడ ఆగిపోయారు. అవునత్తయ్యా, ప్రసంగం మధ్యలో ఆగారు! అవ్వను చూసి, "కళ్లం తొక్కే ఎద్దు మూతికే చిక్కం వద్దన్న దేవుడు, ఈ తల్లిని నోరు మూసుకోమంటాడా? అడగండర్రా! అందరూ ఒక్క గొంతుతో అడగండి!" అన్నారు. ఈలక్క ఈల వేసింది.

మామయ్యా, మీరు రైలెక్కాక జరిగింది ఇది. ఈలక్క, మరో ముగ్గురు యాజమాన్యం ముందు కూర్చున్నారు. కేకలూ లేవు, బల్ల గుద్దడాలూ లేవు. ప్రతి షిఫ్టులోనూ నాలాగే చేతులు వాచినవాళ్లని కొన్నాళ్లుగా కూడగట్టి ఉంచింది ఈలక్క. వాళ్లలోంచే ఆ ముగ్గుర్నీ వెంట తీసుకెళ్లింది. సాయంత్రానికి నా కార్డుకి తలుపు తెరుచుకుంది! ఇకమీద పని వేగం యూనియన్‌తో మాట్లాడాకే నిర్ణయిస్తారు. గేటు పక్క గదిలో ఒక మనిషి కూర్చుంటాడు, అడిగితే జవాబు చెప్పడానికి. నిజం మనిషి.

నేను యూనియన్‌లో చేరాను. తిట్టినా సరే.

మీ,
మేనకోడలు

తా.క.: ఆ రోజు మీ ప్రసంగం అయ్యేదాకా లారీలు గేటు దాటలేదు. "కావాలంటే ఆయన్ని మళ్లీ పిలిపిస్తాం" అని ఈలక్క అనగానే మేనేజరు కలం తీశాడట.

ఇంకో తా.క.: అత్తయ్య ఈలక్కకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పరు.

*

చిరంజీవి మేనకోడలికి,

తిట్టడమా? దీవెనలు! యుద్ధంలో పైకెత్తిన మోషే చేతులు బరువెక్కితే చెరోవైపు ఒకరు పట్టుకున్నారు. యూనియన్ అంటే అదే! ఒక్కడు అరిస్తే యెరికో గోడ కూలిందా? ఈ ముక్కే కిందటి ఆదివారం వేదిక మీద ఉరుములా చెప్పాను. "మీరూ కలవండి! కలిసి అడగండి!" అన్నాను. బెంచీలన్నీ ఒక్కటై "ఆమేన్" అన్నాయి. ఇన్నేళ్లలో అంత గట్టి ఆమేన్ వినలేదు. ఎందుకో అప్పుడు అనుమానం రాలేదు.

నిన్న మళ్లీ ఆదివారం. వేదికెక్కి నోరు తెరిచానో లేదో, వెనక బెంచీ నుంచి ఈల! చూస్తే మీ అత్తయ్య, రెండు వేళ్లు నోట్లో! సభంతా లేచి నిలబడింది. వినేవాళ్ల యూనియన్ అట. కార్యదర్శి మీ అత్తయ్యేనట. బెంచీలకి వీపు ఆనే చెక్క కావాలట. వారమంతా గడియారాలు చూసేవాడు ఆదివారం కూడా ఒకసారి గడియారం చూడాలట. "చివరిగా ఒక్క మాట" అనేది నిజంగా చివరనే అనాలట, అదీ ఒక్కసారేనట.

"సణుగు..." అనబోయాను. మెట్టు మీద కూలబడ్డ ఆ అవ్వ కళ్లముందు మెదిలింది. నోరు మూసుకుని ఒప్పుకున్నాను. బెంచీలకి చెక్కలు నేనే కొడుతున్నాను.

ఈలక్కకి నా నమస్కారాలు చెప్పు. అంత ఓర్పుగల మనిషిని నేను వాక్యంలోనే చూశాను.

నీ మామయ్య

తా.క.: చివరిగా ఒక్క మాట. ఆ గేటు దగ్గర నేను మూడో భాగం చెప్పనేలేదు. అందులో ముఖ్యమైన సంగతులు నాలుగున్నాయి. మొదటిది, బిలాము గాడిద కూడా దెబ్బలకి తాళలేక నోరు విప్పింది కదా, దాన్నిబట్టి మనం

అమ్మాయీ, ఆయన టైము అయిపోయింది. కవరు అంటించేస్తున్నాను. చెయ్యి జాగ్రత్త.
— అత్తయ్య, కార్యదర్శి