మెంతినీళ్ళ కాగితం

అమీర్‌పేట,
గురువారం.

పెద్దమ్మా,

పంజాగుట్ట ఆసుపత్రిలో నీ మంచం పక్కన నిలబడి చెప్పలేకపోయిన మాట ఇది. ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్ళీ దాటేస్తానని రాస్తున్నాను.

మెంతినీళ్ళు తాగితే పదిహేను రోజుల్లో షుగర్ మాత్రలు మానేయవచ్చన్న ఆ వ్యాసం కింద నా పేరూ ఫోటో ఉన్నాయి. రాసింది మాత్రం ఏఐ. మా ఆఫీసులో వెబ్‌సైట్లు గూగుల్‌లో పైకి రావడానికి అలా రాయిస్తాం. "షుగర్‌కు ఇంటి వైద్యం" అన్న మాట సరిపడినన్ని సార్లు వచ్చిందా అని చూశాను, హెడ్డింగ్ దిద్దాను. మాత్రల సంగతి చదవనే లేదు. డాక్టరుకు చూపించాకే పెట్టాలన్నది మా రూలు. చూపించలేదు.

"మాత్రలెందుకు బంద్ చేసినవమ్మా?" అని డాక్టర్ అడిగితే, "మా బిడ్డ రాసింది సారూ, అది ఊకెనే రాయదు" అన్నావు.

వ్యాసాన్ని నిన్ననే వెబ్‌సైట్‌లోంచి తీయించేశాను. కానీ నువ్వు దాన్ని ప్రింటు వేయించి, జిరాక్సులు తీయించి, బోరబండలో మీ కుట్టు సెంటర్‌లో అందరికీ పంచావట. నీ కోడలు వెన్నెల చెప్పింది. వాళ్ళలో ఇంకెవరైనా మాత్రలు మానేశారేమోనని భయంగా ఉంది.

ఎవరెవరికి ఇచ్చావో పేర్లు ఈ ఉత్తరం తెచ్చిన వెన్నెలకు చెప్పు. రేపు పొద్దున్నే వెళ్ళి, చదవకుండా పేరు పెట్టుకున్నానని ఇంటింటా నేనే చెప్పి, కాగితాలు అడిగి తెచ్చుకుంటాను.

నీ దిండు కింద ఉన్నది కూడా ఇచ్చెయ్ పెద్దమ్మా. నా ఫోటో ఉందని దాచుకోకు.

నీ చెల్లెలి బిడ్డ